జెల్ కింద గాజు

మా సంస్థలో జెల్లు పోసే బల్ల దగ్గర కొత్తవాళ్ళెవరైనా బొటనవేలు ముందుకు చాపితే, పక్కనున్నవాళ్ళు "ఆగు, మెత్తనమ్మ చూస్తోంది" అంటారు. అలా అనేవాళ్ళలో చాలామంది ఆమెను చూసినవాళ్ళు కాదు. ఆమె ఎవరో, ఆ వేలితో ఆమెకొచ్చిన గొడవేమిటో వాళ్ళకి తెలీదు. నాకు తెలుసు. నేను ఇక్కడ మైక్రోస్కోపుల గది చూసుకునేవాణ్ణి. ఎవరు ఏ యంత్రం ముందు కూర్చున్నారో, లేచేటప్పుడు కటకం తుడిచారో లేదో చూడడం నా ఉద్యోగం. తుడవనివాళ్ళని తిట్టడం నా సరదా. ఆ విషయంలో ఆమెను తిట్టే అవకాశం నాకు ఒక్కసారీ రాలేదు. ఇంకో విషయంలో వచ్చింది, తిట్టాను కూడా. అది తర్వాత చెబుతాను.

డాక్టరేటు పుచ్చుకున్నాక కూడా చదువు వదలని వాళ్ళని పోస్ట్‌డాక్ అంటారు. డాక్టరే గానీ మందివ్వడం రాదు. ఉద్యోగమే గానీ ఏడాదికోసారి "ఉంచుతారా, పొమ్మంటారా" అని పెద్దాయన మొహంలోకి చూడాలి. పెద్దాయన అంటే ప్రయోగశాల నడిపే ప్రొఫెసరు. ఆమెకు ముప్పై దాటి చాలా కాలమైంది. బంధువులు "ఇంకా చదువేనా అమ్మాయ్?" అని అడిగితే "ఇంకొంచెమే మిగిలింది పిన్నీ" అనేదట. ఆ కొంచెం ఎప్పటికీ కొంచెంగానే ఉండేది. ఆమె గొంతు ఎప్పుడూ పైకి లేచేది కాదు. మెత్తని జెల్లు చేస్తుంది, మెత్తగా మాట్లాడుతుంది అని మా కుర్రకారు మెత్తనమ్మ అని పేరు పెట్టేశారు. ఆమె విని ఊరుకుంది.

ఆమె పని కణాల మీద. మన ఒంట్లో ఒక్కో కణం తన కింద ఉన్నది మెత్తనా, గట్టిదా అని తడిమి చూసుకుంటుందట. కళ్ళు లేవు కాబట్టి కాళ్ళలాంటివి చాపి, పట్టుకుని లాగి చూస్తుంది. లాగినా కదలకపోతే గట్టి నేల అని తెలుసుకుని బార్లా పరుచుకుంటుంది, పెరుగుతుంది, ఒకటి రెండవుతుంది. లాగగానే వచ్చేస్తే మెత్తనిదని తెలుసుకుని ముడుచుకు కూర్చుంటుంది. పరుపు మీద మన నడక ఒకలా, గచ్చు మీద ఒకలా ఉంటుంది కదా, అలాంటిదే. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది.

"కంటికి కనపడని దానికి ఇంత ఆరా ఎందుకమ్మా?" అన్నాను.

"ఆరా తియ్యకపోతే బతకదు బాబాయ్‌గారూ" అంది.

ఆ కణాల కింద మెత్తని నేలగా జెల్లు పొయ్యడం ఒక ఒడుపు. గాజు పలక మీద ద్రవం చుక్క వేసి, పైన పల్చటి గాజు బిళ్ళ ఒకటి మూస్తారు. లోపలిది గడ్డకట్టాక పై బిళ్ళ ఒలిచేస్తే, అడుగు పలక మీద మెత్తని పొర మిగులుతుంది. దాని మీద కణాలు చల్లుతారు. ఎంత జాగ్రత్తగా మూసినా, బిళ్ళ ఆఖరున ఆనే మూల గాలి బుడగ చిక్కుకుంటుంది. బుడగ ఉంటే అక్కడ జెల్‌కి చిల్లు పడ్డట్టే. అందుకని ఆమె గడ్డకట్టకముందే ఆ మూల బొటనవేలితో చిన్న నొక్కు నొక్కేది. బుడగ పక్కనుంచి జారిపోయేది. ఆ నొక్కు చూడ్డానికే మిగతావాళ్ళు వచ్చి నిలబడేవాళ్ళు. పెద్దాయన ఒకసారి చూసి "చెయ్యంటే అదీ" అని మెచ్చుకుని వెళ్ళాడు.

ఆ జెల్ల మీదే ఆమెకు ఒక వింత కనిపించింది. బాగా మెత్తని జెల్ మీద కణాలన్నీ ముడుచుకునే ఉండాలి. కానీ కొన్నిచోట్ల, గుంపుగా ఉన్నవి, గట్టి నేల మీద ఉన్నట్టే కాళ్ళు చాపుకుని దర్జాగా కనిపించాయి. మొదట నమ్మలేదు. మళ్ళీ మళ్ళీ చేసింది. అదే కనిపించింది. ఏళ్ళ తరబడి చూసి చూసి చివరికి ఒక మాట అంది. ఒంటరి కణానికి మెత్తని నేల ఆసరా ఇవ్వదు, కానీ నాలుగు కలిస్తే ఒకదాన్నొకటి లాగి పట్టుకుని ఆ నేలనే గట్టి చేసుకుంటాయి అని. పెద్దాయనకి ఆ మాట తెగ నచ్చింది. నాకూ నచ్చింది, నిజం చెప్పొద్దూ. కలిసుంటే బలం అని వినడం ఎవరికి చేదు? సభల్లో ఆయన ఆ బొమ్మలు చూపించి చప్పట్లు కొట్టించుకొచ్చాడు. పెద్ద సైన్సు పత్రిక ఒకటి దీని మీద ఆమె రాసిన పేపరు వేసుకుంటామంది. ఇంకో రెండు మూడు మంచి ఫొటోలు పంపమంది, అంతే. అది అచ్చయితే సంస్థలో ఖాళీగా ఉన్న శాశ్వత ఉద్యోగానికి ఆమె పేరే పంపుతానని పెద్దాయన అందరి ముందూ చెప్పాడు.

"ఇంక ఏడాదికోసారి నా మొహం చూసే బాధ తప్పుతుందమ్మా నీకు" అన్నాడు.

ఆ ఉద్యోగం ఆమెకు ఎంత అవసరమో నాకు తెలుసు. వాళ్ళిల్లు మా వెనక వీధిలోనే. మెట్లెక్కితే ముందు గది, దాని వెనక వంటగది. ముందు గదిలో కిటికీ పక్కన మంచం మీద వాళ్ళమ్మ. భర్త తొందరగా పోతే, ఆవిడ బట్టల కొట్లో బల్ల వెనక నిలబడి నిలబడి కూతుర్ని ఇంత దాకా చదివించింది. తీరా కూర్చునే వయసొచ్చాక స్నానాలగదిలో జారిపడి తుంటి విరిగింది. ఆ తర్వాత ఇక లేవలేదు. పగటిపూట కింది వాటా ఆవిడ వచ్చి చూసుకునేది. మిగతాదంతా కూతురే. పడుకుని పడుకుని ఒళ్ళు పుళ్ళు పడకుండా గాలి పరుపు తెచ్చింది. దానికి గాలి కొట్టే చిన్న యంత్రం మంచం కింద ఎప్పుడూ గుర్రుమంటూ ఉండేది.

పరుపు కింద, నడుం ఉండే చోట, అరచెయ్యి వెల్లకిలా దూర్చి చూడమని డాక్టరు చెప్పాడట. పైనున్న మనిషి ఎముక చేతికి తగిలితే గాలి చాలనట్టు. తగలకపోతే సరిగ్గా ఉన్నట్టు. ఆమె రోజూ పొద్దున్నే చూసేది. నేను వెళ్ళినప్పుడు కూడా మాట్లాడుతూనే చెయ్యి దూర్చి తీసేది. వాళ్ళమ్మ ఊరుకునేది కాదు.

"చూశారా అన్నయ్యగారూ, కొట్లో నేను బట్ట నేత చూసినట్టు రోజూ నన్ను చూస్తుంది. ఏమే, నీ పిల్లలు కాళ్ళు చాపాయా?"

"చాపాయమ్మా."

"నా కాళ్ళెలాగూ రావు. వాటివన్నా చాపనీ."

పేపరు పని ముదిరిన ఆ వారాల్లో ఆమె తెల్లారకముందే బయల్దేరి వచ్చేసేది. చెయ్యి దూర్చి చూసే తీరిక ఉండేది కాదు. గుమ్మంలోంచి "పరుపు బాగుందామ్మా?" అని అడిగేది. "మెత్తగా ఉంది, నువ్వెళ్ళు" అనేది తల్లి. కూతురు నమ్మేది. ఎందుకు నమ్మదు? ఆ తల్లి జీవితంలో ఎప్పుడూ ఏదీ అడిగి ఎరగదు.

ఒక ఆదివారం పొద్దున నేను పళ్ళు పట్టుకుని వెళ్ళాను. ఆమె దుప్పటి మారుద్దామని తల్లిని పక్కకు తిప్పింది. తిప్పి "అమ్మా!" అని కేకేసింది. ఆమె గొంతు పైకి లేవడం నేను వినడం అదే మొదటిసారి. నేను గుమ్మం బయటికి వచ్చి నిలబడ్డాను. నడుం కింద, వెన్ను చివర, పుండు పడింది. గాలి గొట్టం ఎప్పుడో ఊడిపోయింది. యంత్రం గుర్రుమంటూనే ఉంది, గాలి మాత్రం మంచం కింద గదిలోకి పోతోంది. పరుపులో మిగిలింది ఒక పలచని పొర.

"ఎన్నాళ్ళైందమ్మా ఇలా?"

"ఏమోనే, నాకేం తెలుస్తుంది."

"తెలీకపోవడమేంటి? మంచం చెక్క తగుల్తుంటే తెలీదా?"

"తగిలింది. పైకి మెత్తగానే ఉందిగా అని ఊరుకున్నా. నీ పేపరు అయిపోనీ, తర్వాత చెప్దామని."

"నొప్పి పుడితే చెప్పాలి కదమ్మా!"

"నిలబడ్డ రోజుల్లో పుట్టిన నొప్పుల ముందు ఇదెంతే. అరవకు, బయట ఆయనున్నారు."

కూతురు ఏడుస్తోందేమోనని లోపలికి వెళ్ళాను. ఏడవడం లేదు. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఊడిన గొట్టం ఒడిలో పెట్టుకుని, పరుపు కింద చెయ్యి దూర్చి అలాగే ఉండిపోయింది. నా గదిలో యంత్రం ముందు కూర్చుని, చూడకూడనిది చూసినవాళ్ళ మొహం నాకు తెలుసు. అదే మొహం. తర్వాత చెయ్యి బయటికి తీసుకుని తన బొటనవేలు వంక చూసుకుంది. అది దేనికో నాకప్పుడు అర్థం కాలేదు.

ఆ పూట గొట్టం బిగించాం. నర్సును పిలిపించాం. "పైకి కనిపించేది ఇంతే. ఈ పుండు లోపల ఎముక దగ్గర మొదలై పైకొస్తుంది" అందామె. తల్లి వినకుండా అందామనుకుంది గానీ చిన్న గదిలో అదెలా కుదురుతుంది?

మర్నాడు నేను తాళం తీసేసరికి మెత్తనమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. చేతిలో ఆ పేపరులో బొమ్మలు తీసిన పాత పలకల పెట్టె.

"బాబాయ్‌గారూ, అడుగు గాజు నుంచి కణం దాకా ఎంత మందం ఉందో కొలవాలి."

"మొదటి ఏడాదే కొలిచావుగా?"

"మధ్యలో కొలిచాను. అందరూ మధ్యలోనే కొలుస్తారు."

కొలవడం కష్టమేం కాదు. అడుగు గాజు స్పష్టంగా కనిపించేదాకా మర తిప్పి, అక్కణ్ణుంచి కణం కనిపించేదాకా మళ్ళీ తిప్పాలి. ఎంత తిరిగిందో అదే మందం. మధ్యలో బాగానే తిరిగింది. ఆమె పలకను కుడి మూలకు జరిపింది. అక్కడ మర కదిలీ కదలకముందే కణం కనిపించింది. జెల్ దాదాపు లేదు. కాళ్ళు చాపుకున్న గుంపులన్నీ ఆ మూలే ఉన్నాయి. కుడిచేతి బొటనవేలు కదా, ఎప్పుడూ ఒకే మూల నొక్కుతుంది. ఫొటోలు కూడా ఎప్పుడూ ఆ మూలే తీసింది, అక్కడ కణాలు దండిగా, అందంగా ఉంటాయని. పెట్టెలో పలకలన్నీ చూశాం. ఒక్కటీ వేరుగా లేదు.

"కలిసున్నాయి కాబట్టి కాళ్ళు చాపలేదు బాబాయ్‌గారూ" అంది. "పలచగా ఉన్న చోట కింద గాజు తగిలింది. గట్టి నేల అనుకుని కాళ్ళు చాపాయి, పెరిగాయి. పెరిగాయి కాబట్టి గుంపయ్యాయి. నేను తిరగేసి చదివాను."

అంతటితో ఆగితే బాగుండేది. నొక్కకుండా కొత్త జెల్లు పోసింది. బుడగల్ని అలాగే వదిలేసింది. వాటి మీద కణాలు చల్లి, రోజులు ఆగి, నా దగ్గరికి తెచ్చింది. ఒంటరివీ, గుంపులో ఉన్నవీ అన్నీ ముడుచుకునే ఉన్నాయి. ఆమె ఆ బొమ్మ వంక చాలాసేపు చూసింది. తర్వాత లేచి, కటకం తుడిచి, గుడ్డ మడతపెట్టింది.

అప్పుడు నాకు కోపం వచ్చింది. తిట్టాను.

"ఎవరడిగారమ్మా నిన్ను? రెండు ఫొటోలు పంపి ఊరుకోక! నోటిదాకా వచ్చిన ముద్ద ఎవరైనా నేలపాలు చేసుకుంటారా? మంచాన పడ్డ తల్లిని పెట్టుకుని నీకెందుకీ చాదస్తం? నాకు తెలుసు, నీకు తెలుసు. నేను నోరు విప్పను."

"మీరు విప్పరని తెలుసు బాబాయ్‌గారూ."

"మరింకేం?"

"దీన్ని నమ్మి ఎక్కడో ఇంకో పిల్ల నాలుగేళ్ళు పోగొట్టుకుంటుంది. ఎందుకు రావట్లేదో తెలీక తన చేతినే తిట్టుకుంటుంది."

ఆ మాటకి నాకు ఇంకా కోపం వచ్చింది.

పెద్దాయన గదిలోకి పలకల పెట్టె మోసుకెళ్ళింది నేనే, అందుకని అక్కడ జరిగింది చూశాను. ఆయన అన్నీ విన్నాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"పత్రికవాళ్ళు మూలల మందం అడగలేదు కదా?"

"అడగలేదండీ."

"కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందమ్మా. నీకే కాదు, నాకూను. ఊరూరా తిరిగి చెప్పొచ్చాను."

ఆమె తల వంచుకోలేదు. ఆయన పెట్టెలోంచి ఒక పలక తీసి వెలుతురుకి పట్టి చూశాడు. ఆయన చెడ్డవాడేం కాదు. చివరికి "నువ్వు నొక్కుతుంటే నేనూ చూశాను. చూసి మెచ్చుకున్నాను" అన్నాడు. ఆ సాయంత్రమే పేపరు వెనక్కి తీసుకుంటున్నామని పత్రికకి రాశాడు. అంతవరకు పెద్దమనిషే. కానీ చేతిలో పేపరు లేని మనిషిని శాశ్వత ఉద్యోగానికి పంపడం ఆయన వల్ల కాలేదు. అది ఇంకెవరికో వెళ్ళింది. ఏడాది చివర ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఆయన చూపు తిప్పుకున్నాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, అదే రోజుల్లో తల్లి పుండు ముదిరింది. జ్వరం పట్టుకుంది. ఆసుపత్రిలో పెట్టారు. ఒక సాయంత్రం నేను చూడ్డానికి వెళ్ళాను. పెద్దావిడ బాగా చిక్కిపోయింది గానీ కళ్ళు మాత్రం కొట్లో బేరగాళ్ళని చూసిన కళ్ళే. మంచం పక్కన స్టూలు మీద కూతురు. నేను కూర్చోకముందే ఆవిడ అడిగింది.

"ఏమే, పేపరు అయిందా?"

పెద్దాయన ముందు తొణకని మనిషి, పెద్ద పత్రికకి ఉన్నదున్నట్టు చెప్పిన మనిషి, తల్లి చెయ్యి పట్టుకుని మెత్తగా అంది.

"అయిందమ్మా. బాగా వచ్చింది."

నేను కిటికీ వైపు తిరిగాను. పెద్దావిడ కూతురి మొహం వంక కాసేపు చూసింది.

"తాతకి దగ్గులు నేర్పుతావుటే?" అంది. "పరుపు మెత్తగా ఉందని నేను నీకు చెప్పింది ఈ గొంతుతోనే. చెప్పు, ఏమైంది?"

అప్పుడు ఏడ్చింది మెత్తనమ్మ. పేపరు పోయినప్పుడు ఏడవలేదు, ఉద్యోగం పోయినప్పుడు ఏడవలేదు. ఏడుస్తూనే అంతా చెప్పింది, బుడగ సంగతి, వేలి సంగతి, గాజు సంగతి. పెద్దావిడకి ఎంత అర్థమైందో గానీ శ్రద్ధగా వింది.

"అయితే నేను నోరు మూసుకుని పడుకున్నదంతా దండగేనా?"

"లేదమ్మా. నీ నడుం కింద చెయ్యి పెట్టాకే నాకు తెలిసింది."

పెద్దావిడ కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాం. కాసేపటికి "అయితే ఈసారి రాసే పేపర్లో నా పేరు కూడా వెయ్యి మరి. ఊరికే ఎవరు పడుకుంటారు?" అంది. కూతురు ఏడుపులోనే నవ్వింది. నేనూ నవ్వాను.

ఆమె తర్వాత ఒక కాలేజీలో పాఠాలు చెప్పే పనిలో చేరింది. చేరేముందు పెద్దాయనతో కలిసి చిన్న పేపరు ఒకటి రాసింది, జెల్ మందం మధ్యలోనే కాదు మూలల్లోనూ కొలవాలని. పెద్ద పత్రికలో కాదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చివర కృతజ్ఞతలు చెప్పే చోట మొదటి పేరు వాళ్ళమ్మది. ఎందుకో రాయలేదు. అది అచ్చయ్యేసరికి చూడ్డానికి ఆవిడ లేదు. పుండు మానలేదు. ఇంటికి తీసుకొచ్చాక కొన్నాళ్ళు ఆ కిటికీ పక్కనే ఉండి, ఒక మధ్యాహ్నం పోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, మంచం మెట్ల మీంచి కిందికి దింపడానికి సాయం కావాలంటే నేను వెళ్ళాను. గదిలో దుప్పట్లు, మందు సీసాలు అన్నీ తీసేశారు. మంచం మీద గాలి పరుపు ఒక్కటే ఉంది. మంచం కింద యంత్రం ఇంకా గుర్రుమంటోంది. ఇన్ని రోజులూ దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదో, తోచినా ఆపలేకపోయారో అడగలేదు. "ఎటువైపు పట్టుకోను?" అన్నాను. ఆమె మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. తల్లి నడుం ఉండే చోట, అరచెయ్యి వెల్లకిలా, పరుపు కిందికి దూర్చింది. చాలాసేపు అలాగే ఉంచింది.

"గాలి సరిగ్గానే ఉంది బాబాయ్‌గారూ" అంది.

నేను వంగి యంత్రం ఆపేశాను. పరుపు మెల్లగా దిగడం మొదలుపెట్టింది. ఆమె చెయ్యి తియ్యలేదు.